కార్యవర్గంలో పీజీ విద్యార్థికి ఒక కుర్చీ



మీరిచ్చిన జకాత్, సదఖా, ఫిత్రా సొమ్ము ఎంతమంది పిల్లల ఫీజులకు, ఎంతమంది వితంతువుల పింఛన్లకు, ఎన్ని ఇళ్ల రమజాను రేషనుకు వెళ్లిందో ఏటా ఇటువంటి సంచికల్లో చదువుతూనే ఉంటారు. ఆ సొమ్ము ఎవరికి, ఎంత, ఏ పద్దు కింద ఇవ్వాలో కూర్చుని నిర్ణయించే కార్యవర్గం మాత్రం పేర్ల పట్టికలో తప్ప మరెక్కడా కనిపించదు. ఈ వ్యాసంలో ఆ కార్యవర్గం గురించి, అందులో పీజీ చదువుతున్న మన అబ్బాయిలకు, అమ్మాయిలకు ఏడాది పాటు చోటివ్వడం గురించి వివరిస్తాం. దీనివల్ల విద్యార్థికి ఏం లాభం, సంస్థకు ఏం లాభం, దాతగా మీరు చేయగలిగింది ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడం మా ఉద్దేశం.

కార్యవర్గం చేసే పని

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మన సేవా సంస్థలు చాలావరకు సొసైటీలుగా రిజిస్టరైనవే. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కలిస్తే సొసైటీ ఏర్పడుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి. కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. లెక్కలు ఆడిట్ చేయించాలి. ఇది చట్టం అడిగే పని.

దీన్ అడిగే పని అంతకంటే సున్నితమైనది. జకాత్ ఎవరెవరికి చెందాలో తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. అందుకే జకాత్ పద్దు వేరుగా, మామూలు విరాళాల పద్దు వేరుగా ఉండాలి. కార్యాలయానికి సున్నం వేయించడానికి మామూలు విరాళం వాడవచ్చు, జకాత్ సొమ్ము ముట్టకూడదు. బఖరా సూరా 282వ ఆయత్ అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని ఆదేశించింది. లెక్కను కాగితం మీద పెట్టడం మనకు ఆడిటర్లు వచ్చాక అలవాటైన పని కాదన్న మాట.

వేదిక మీద కూర్చోవడం, శాలువాలు కప్పడం, చెక్కులు అందించడం బయటికి కనబడే భాగం. అసలు పని తలుపులు వేసుకుని కూర్చున్న సమావేశంలో జరుగుతుంది. ముగ్గురు అర్హులు ఉండి ఇద్దరికే సరిపడా డబ్బు ఉన్నప్పుడు ఎవరిని ఆపాలి? కార్యవర్గ సభ్యుడి బంధువు దరఖాస్తు పెట్టుకుంటే ఆ చర్చలో ఆయన కూర్చోవచ్చా? ఒక దాత తన సొమ్ము ఫలానా వారికే ఇవ్వాలని షరతు పెడితే తీసుకోవాలా? నాయకత్వం అంటే ఇటువంటి ప్రశ్నలకు జవాబు చెప్పి, దాన్ని మినిట్స్ పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టడం. ఈ విద్య ఏ విశ్వవిద్యాలయ తరగతి గదిలోనూ పూర్తిగా దొరకదు.

ఎందుకు ఇప్పుడే

మన సంస్థలను నిలబెట్టినవారిలో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, వ్యాపారులు. తమ సొంత పనులు మానుకుని సొసైటీ రసీదు పుస్తకాలు చంకన పెట్టుకుని వీధి వీధి తిరిగినవాళ్లు. వాళ్ల సేవకు అల్లాహ్ ఉత్తమ ప్రతిఫలం ప్రసాదించుగాక. అయితే చాలా చోట్ల సంస్థ జ్ఞాపకమంతా ఇద్దరు ముగ్గురు పెద్దల తలలోనే ఉండిపోయింది. ఏ విద్యార్థికి ఎన్నో ఏడాది సాయం నడుస్తోంది, ఏ దాత ఏ షరతుతో ఇచ్చారు, రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడు ముగుస్తుంది అన్నవి వాళ్లకే తెలుసు. ఖజాంచి గారు ఉమ్రాకు వెళ్తే బ్యాంకు ఓటీపీ ఆయన ఫోనుకే వెళ్తుంది. ఇక్కడ పని ఆగిపోతుంది.

ఒకప్పుడు ఇలా నడిచినా ఇబ్బంది ఉండేది కాదు. ఇప్పుడు పరిస్థితి మారింది. ఆదాయపు పన్ను చట్టం కింద సేవా సంస్థలకు ఉండే రిజిస్ట్రేషన్లకు, 80జి అనుమతులకు 2021 ఏప్రిల్ నుంచి కాలపరిమితి వచ్చింది. గడువు ముగిసేలోగా మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. 2021–22 నుంచి ప్రతి ఆర్థిక సంవత్సరం విరాళాల వివరాలను దాత పేరు, గుర్తింపు సంఖ్యలతో సహా తర్వాతి మే 31లోగా ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. అలా దాఖలైతేనే మీకు పన్ను మినహాయింపు ధృవపత్రం వస్తుంది. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు అందుకోవాలన్నా 2021 నుంచి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర ముందుగా నమోదు కావాలి.

ఈ పనులు చేయడానికి గుమాస్తాను పెట్టుకోవచ్చు. కానీ గడువు దాటితే దాతలకు జవాబు చెప్పేది గుమాస్తా కాదు, కార్యవర్గం. కాబట్టి కార్యవర్గంలో కూర్చునేవారికే ఈ విషయాలు తెలిసి ఉండాలి. పదేళ్ల తర్వాత ఆ కుర్చీల్లో కూర్చునేవారు ఈరోజు ఎక్కడ ఉన్నారో చూస్తే, ఎం.బి.ఎ., ఎం.కాం., ఎం.ఎస్.డబ్ల్యు., ఎల్‌ఎల్.ఎం., ఎం.టెక్. తరగతుల్లో ఉన్నారు. వారిలో కొందరు మీ స్కాలర్‌షిప్ మీదే చదువుకున్నవాళ్లు.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఉన్న పద్ధతి

విద్యార్థులను సేవా సంస్థల బోర్డుల్లో కూర్చోబెట్టడం అమెరికాలో ఒక క్రమపద్ధతిగా నడుస్తోంది. దాన్ని అక్కడ బోర్డు ఫెలోషిప్ అంటారు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు కెలాగ్, బర్క్‌లీలోని హాస్, మిషిగన్ విశ్వవిద్యాలయపు రాస్, డ్యూక్ విశ్వవిద్యాలయపు ఫుక్వా వంటి పేరున్న మేనేజ్‌మెంట్ కళాశాలల్లో ఇటువంటి కార్యక్రమాలు ఉన్నాయి. మన తెలుగు పిల్లలు అనేకమంది చదువుకోవడానికి వెళ్లే దేశం కాబట్టి ఈ పద్ధతి తెలిసినవారు మన మధ్య కూడా ఉండవచ్చు.

ఒక్కో కళాశాలలో వివరాలు కొద్దిగా వేరైనా ప్రధాన సూత్రాలు దాదాపు ఒకటే. కళాశాల తన విద్యార్థిని ఆ ఊళ్లోని ఒక సేవా సంస్థతో జత చేస్తుంది. అది అనాథ పిల్లల సంస్థ కావచ్చు, ఆకలిగొన్నవారికి ఆహారం పంచే సంస్థ కావచ్చు, చిన్న వైద్యశాల కావచ్చు. విద్యార్థి సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పాటు బోర్డు సమావేశాలకు వెళ్తాడు. చర్చలో మాట్లాడతాడు. ఓటు మాత్రం ఉండదు. బోర్డులోని ఒక సీనియర్ సభ్యుడు అతనికి మార్గదర్శిగా ఉంటారు. వీటన్నిటితో పాటు ఆ ఏడాదిలో పూర్తి చేయాల్సిన ఒక నిర్దిష్టమైన పని అప్పగిస్తారు. మూడేళ్ల ప్రణాళిక తయారు చేయడం, కొత్త కార్యక్రమానికి అయ్యే ఖర్చు అంచనా వేయడం, దాతల జాబితా పరిశీలించి ఎవరు ఎందుకు మానేశారో తెలుసుకోవడం వంటివి అన్నమాట.

ఓటు ఇవ్వకపోవడానికి కారణం ఉంది. బోర్డు సభ్యుడి మీద చట్టపరమైన బాధ్యత ఉంటుంది. అక్కడి న్యాయశాస్త్రం దాన్ని మూడుగా విడదీస్తుంది. మొదటిది శ్రద్ధ, అంటే కాగితాలు చదివి, వివరాలు తెలుసుకుని నిర్ణయం తీసుకోవడం. రెండోది నిజాయితీ, అంటే తన సొంత లాభం కన్నా సంస్థ మేలు ముందు చూడడం. మూడోది కట్టుబాటు, అంటే సంస్థ ఏ ఆశయంతో ఏర్పడిందో, చట్టం ఏం చెబుతోందో దాన్ని దాటకపోవడం. ఏడాదికి వచ్చి వెళ్లిపోయే విద్యార్థి మీద ఈ భారమంతా పెట్టడం న్యాయం కాదు. అందుకని ముందు మాట హక్కు ఇస్తారు, నిర్ణయ హక్కు తర్వాతి మాట.

మన చరిత్రలో ఉన్న ఆధారం

ఇది అమెరికా పద్ధతి కదా, మనకెందుకు అని ఎవరైనా అనుకోవచ్చు. యువకులను పెద్దల సభలో కూర్చోబెట్టడానికి ఆధారం వెతుక్కుంటూ మనం అంత దూరం పోనక్కరలేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రవక్తగా నియమితులు కాకముందు, సుమారు ఇరవై ఏళ్ల వయసులో, మక్కాలో జరిగిన హిల్ఫుల్ ఫుజూల్ ఒప్పందంలో పాల్గొన్నారు. యెమెన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడి సరుకు తీసుకుని డబ్బు ఇవ్వని అన్యాయం మీద అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట్లో పెద్దలు సమావేశమై, బాధితుడు ఎవరైనా సరే అండగా నిలబడతామని ప్రమాణం చేశారు. ఆ సమావేశంలో తాను ఉన్నందుకు దైవప్రవక్త (స) తర్వాతి కాలంలో కూడా సంతోషం వ్యక్తం చేశారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. జీవితం చివరి రోజుల్లో ఆయన పెద్ద పెద్ద సహాబాలున్న సైన్యానికి సుమారు పద్దెనిమిదేళ్ల ఉసామా బిన్ జైద్ (రజి)ని నాయకుడిగా నియమించారు.

మన విషయానికి మరీ దగ్గరగా ఉన్నది హజ్రత్ ఉమర్ (రజి) పాలనా కాలం నాటి సంఘటన. బద్ర్ యుద్ధంలో పాల్గొన్న పెద్దల సరసన ఆయన యువకుడైన అబ్దుల్లా బిన్ అబ్బాస్ (రజి)ని కూర్చోబెట్టేవారు. ఇబ్నె అబ్బాస్ అప్పటికి మన పీజీ విద్యార్థుల వయసువారు. మాకూ ఈ వయసు కొడుకులున్నారు కదా, ఈ ఒక్కరినే ఎందుకు తీసుకొస్తారని ఒకరు అడిగారు. హజ్రత్ ఉమర్ (రజి) వాదనకు దిగలేదు. ఒకరోజు అందరినీ పిలిచి నస్ర్ సూరా భావం ఏమిటని సభను అడిగారు. కొందరు పైకి కనబడే అర్థం చెప్పారు, కొందరు మౌనంగా ఉన్నారు. ఇబ్నె అబ్బాస్ (రజి) మాత్రం అది దైవప్రవక్త (స) నిర్యాణం సమీపించిందన్న సూచన అని చెప్పారు. తనకు తెలిసిన భావమూ అదేనని హజ్రత్ ఉమర్ (రజి) అన్నారు.

ఈ సంఘటనలో మనం గమనించాల్సింది పద్ధతి. యువకుడికి సభలో చోటిచ్చారు. అందరి ముందు ఒక నిజమైన ప్రశ్న వేశారు. అతని జవాబే అతని స్థానాన్ని నిలబెట్టింది. పెద్దల గౌరవం తగ్గలేదు, యువకుడికి లేనిపోని కిరీటమూ పెట్టలేదు.

మన దగ్గర ఎలా చేయవచ్చు

మన సంఘాల్లో ప్రత్యేక ఆహ్వానితులు అనే పేరు కొత్తది కాదు. కార్యవర్గ సమావేశానికి సభ్యులు కాని ఒకరిద్దరిని పిలవడం అలవాటే. విద్యార్థిని కూడా ఆ హోదాలోనే తీసుకోవచ్చు. సొసైటీ నియమావళి అనుమతిస్తే కార్యవర్గ తీర్మానం సరిపోతుంది. ఓటున్న పూర్తి సభ్యత్వం ఇవ్వాలనుకుంటే నియమావళిలో చోటు చూసుకోవాలి, లేదంటే సవరణ చేసి రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. మొదట ఆహ్వానితుడిగా మొదలుపెట్టడమే మంచిదని మా అభిప్రాయం. తీర్మానంలో ఈ విషయాలు స్పష్టంగా ఉండాలి.

మొదటిది, ఇద్దరిని తీసుకోవాలి. ఒక్కరే ఉంటే పదిహేను మంది పెద్దల మధ్య నోరు విప్పడం కష్టం. ఇద్దరిలో ఒకరు అమ్మాయి అయితే మరీ మంచిది. అప్పుడు సమావేశ సమయం గురించి కూడా ఆలోచించాలి. ఇషా నమాజు తర్వాత మొదలై రాత్రి పదకొండు దాటే సమావేశానికి హాస్టల్లో ఉండే అమ్మాయి రాలేదు. ఆదివారం ఉదయం పెట్టుకుంటే పెద్దల ఆరోగ్యానికి కూడా మంచిదే.

రెండోది, ఎంపిక దరఖాస్తు మీద జరగాలి. కార్యవర్గ సభ్యుల పిల్లలకు, దగ్గరి బంధువులకు ఈ చోటు ఇవ్వకూడదు. సంస్థ స్కాలర్‌షిప్ పొందినవారు దరఖాస్తు చేసుకోవచ్చు, కానీ స్కాలర్‌షిప్ పొందినందుకు బదులుగా ఈ పని చేయాలని ఎవరినీ బలవంతం చేయకూడదు.

మూడోది, కాలం ఏడాది. రమజానుకు కనీసం ఆరు నెలల ముందు మొదలు పెడితే వసూళ్లకు సిద్ధం కావడం, వసూలు, పంపిణీ, లెక్క ముగింపు అన్నీ విద్యార్థి కళ్లారా చూస్తాడు.

నాలుగోది, ఒక పెద్దాయన అతని బాధ్యత తీసుకోవాలి. సమావేశానికి ముందు కాగితాలు ఇచ్చి, తర్వాత అరగంట కూర్చుని ఎందుకు అలా నిర్ణయించారో చెప్పాలి. నేర్చుకోవడంలో సగం ఆ అరగంటలోనే ఉంటుంది.

ఐదోది, డబ్బు మీద, సంతకాల మీద విద్యార్థికి అధికారం ఉండకూడదు. చెక్కు మీద సంతకం, బ్యాంకు పాస్‌వర్డు, నగదు వసూలు అతని చేతికి ఇవ్వకూడదు. ఇది అతన్ని నమ్మకపోవడం కాదు, అతనికి రక్షణ.

ఆరోది, సహాయం తీసుకునేవారి వివరాలు బయటికి పొక్కకూడదు. మొదటి సమావేశానికి ముందే విద్యార్థి ఈ మేరకు రాసి ఇవ్వాలి. దరఖాస్తుదారుల పేర్ల స్థానంలో సంఖ్యలు వేసి అతనికి ఇస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ దరఖాస్తుల్లో అతని తరగతి స్నేహితుడిది కూడా ఉండవచ్చు.

ఇక భాష సంగతి. కొన్ని సంస్థల మినిట్స్ పుస్తకం ఉర్దూలో ఉంటుంది, ఆడిట్ కాగితాలు ఇంగ్లిషులో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివిన మన పిల్లలు చాలామంది ఉర్దూ మాట్లాడగలరు గాని చదవలేరు. తీర్మానాల సారాంశం తెలుగులో కూడా రాయిస్తే విద్యార్థికే కాదు, దాతల్లో చాలామందికి కూడా అందుబాటులోకి వస్తుంది.

అప్పగించదగిన పనులు

విద్యార్థిని పిలిచి కుర్చీలు వేయించడం, టీలు అందించడం, వాట్సాప్‌లో ఫోటోలు పెట్టించడం వరకే వాడుకుంటే ఈ ప్రయత్నం వృథా. అవి స్వచ్ఛంద సేవకుల పనులు, వాటికీ విలువ ఉంది. కానీ కార్యవర్గ అనుభవం అంటే వేరు. ఏడాదిలో ఒక పని అప్పగించి, చివరి సమావేశంలో దాని నివేదికను అందరి ముందు చదివించాలి. మన సంస్థలకు నిజంగా అవసరమైన మూడు పనులు ఇవి.

ఒకటి, గడువుల పట్టిక. రిజిస్ట్రార్, ఆదాయపు పన్ను, ఆడిట్, బ్యాంకు, ఇంకా ఏయే దాఖలాలు ఏ తేదీలోగా చేయాలో, ఎవరు చేయాలో, కాగితాలు ఎక్కడున్నాయో ఒకే చోట రాయడం. ఇందులో మన సంస్థలకే ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. రమజాను మాత్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో రమజాను మార్చిలో మొదలై ఏప్రిల్‌లో ముగిసింది, అంటే ఒకే నెల వసూళ్లు రెండు ఆర్థిక సంవత్సరాల లెక్కల్లో పడ్డాయి. 2025లో మన దేశంలో ఈద్ సరిగ్గా మార్చి 31న వచ్చింది. పన్ను మినహాయింపు నిలబడాలంటే ఆ ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే సేవా కార్యక్రమాలకు ఖర్చు కావాలి. వీలుకాకపోతే నిర్ణీత పద్ధతిలో, గడువులోగా శాఖకు తెలియజేయాలి. చివరి పది రోజుల్లో వచ్చిన జకాత్ స్కాలర్‌షిప్‌గా జూన్, జూలైలలో వెళ్తుంది కాబట్టి ఈ లెక్క ముందుగానే వేసుకోవాలి. ఎం.కాం. విద్యార్థికి ఇంతకంటే మంచి అభ్యాసం దొరకదు.

రెండోది, విదేశాల్లో ఉన్న దాతల రిజిస్టరు. కడప, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు, హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లినవారు మన సంస్థలను మరచిపోలేదు. భారత పౌరసత్వం ఉన్నవారు విదేశంలో ఉంటూ తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. అదే వ్యక్తి అక్కడి పౌరసత్వం తీసుకున్నాక పంపితే అది విదేశీ విరాళం అవుతుంది. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. మనవాడే కదా, పంపితే తప్పేమిటి అనుకుంటే సంస్థ మొత్తం చిక్కుల్లో పడుతుంది. రిజిస్టరులో పౌరసత్వం అని ఒక గడి పెట్టి, మర్యాదగా అడిగి నింపడం విద్యార్థి చేయగల పని. ఎల్‌ఎల్.ఎం. చదివేవారికి చట్టం పుస్తకంలోంచి దిగి వచ్చి కనబడుతుంది.

మూడోది, స్కాలర్‌షిప్ ఎంపిక పద్ధతి. దీన్ని ఒక ఉదాహరణతో చెబుతాం. ఒక సంస్థ దగ్గర విద్యా సహాయానికి 6 లక్షలు ఉన్నాయనుకుందాం. అందులో 4 లక్షలు జకాత్, 2 లక్షలు మామూలు విరాళాలు. 40 మంది తలా 25 వేలు అడిగారు. మొత్తం 10 లక్షలు కావాలి. మౌల్వీ సాహెబ్ పరిశీలించి 30 కుటుంబాలు జకాత్‌కు అర్హులని, 10 కుటుంబాలు ఇబ్బందుల్లో ఉన్నా జకాత్ తీసుకునే స్థితిలో లేవని చెప్పారు. జకాత్ 30 మందికి, మామూలు విరాళం 10 మందికి సమానంగా పంచేద్దాం అంటే న్యాయంగానే వినబడుతుంది. లెక్క వేస్తే జకాత్ అర్హులకు తలా 13,333 రూపాయలు, కాస్త మెరుగైన స్థితిలో ఉన్నవారికి తలా 20 వేలు వస్తాయి. ఎక్కువ పేదవారికి తక్కువ ముట్టినట్టయింది!

ఇక్కడ మర్మం ఏమిటంటే, జకాత్ అర్హులు కానివారికి వెళ్లకూడదు గాని, మామూలు విరాళం పేదలకు కూడా వెళ్లవచ్చు. 10 మందికి తలా 9 వేలు ఇస్తే 90 వేలు అవుతుంది. మిగిలిన 1,10,000 జకాత్ సొమ్ముకు కలిస్తే 30 మందికి తలా 17 వేలు వస్తుంది. ఇంకో మార్గం, అందరికీ సమానంగా 15 వేలు. లేదా ఫీజు పూర్తిగా కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వని చివరి సంవత్సరం పిల్లలకు మొదట పూర్తి ఫీజు కట్టడం. వీటిలో ఏది సరైనదో లెక్క చెప్పదు, కార్యవర్గం చర్చించి తేల్చాలి. కానీ లెక్క ముందుంటేనే చర్చ సరిగా నడుస్తుంది. ఈ పట్టిక తయారు చేసి, నాలుగు మార్గాల మంచి చెడ్డలు పెద్దల ముందు పెట్టి, వాళ్లడిగే ప్రశ్నలకు జవాబు చెప్పిన విద్యార్థి ఆ ఒక్క సాయంత్రం నేర్చుకునేది చాలా ఉంటుంది. తాను అనుకున్న మార్గాన్ని పెద్దలు కాదంటే, ఆ నిర్ణయాన్ని బయట విమర్శించకుండా గౌరవించడం కూడా అందులో భాగమే. షూరా అంటే ఇదే.

వినబడే సందేహాలు

విద్యార్థులు చదువు అయిపోగానే బెంగుళూరో, దుబాయో, అమెరికానో వెళ్లిపోతారు, మనకేం మిగులుతుంది అన్నది మొదటి సందేహం. వెళ్లేవాళ్లు వెళ్తారు. వారు తయారు చేసిన పట్టికలు, రిజిస్టర్లు ఇక్కడే ఉంటాయి. వెళ్లిన చోట కూడా ఒక మసీదు ఉంటుంది, ఒక సేవా సంఘం ఉంటుంది. అక్కడ లెక్క అడగగలిగిన మనిషిని మనం పంపినట్టవుతుంది. సంస్థ లోపల ఎలా నడుస్తుందో చూసినవాడు రేపు దాతగా మారితే, రసీదు మీద ఎందుకు పట్టుబట్టాలో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

లోపలి విభేదాలు పిల్లల ముందు బయటపడతాయి కదా అన్నది రెండో సందేహం. అభిప్రాయ భేదాలు లేని కార్యవర్గం ఎక్కడా ఉండదు. ఇద్దరు యువకులు వింటున్నారని తెలిస్తే మాట కాస్త మెత్తబడుతుందని, మాట్లాడేముందు కాగితం ఒకసారి చూసుకుంటారని మా నమ్మకం. ఒకవేళ ఏదైనా విషయం మరీ సున్నితమైనది అయితే ఆ ఒక్క అంశం వరకు వారిని బయట కూర్చోమనవచ్చు.

అనుభవం లేనివారు ఏం చెబుతారు అన్నది మూడో సందేహం. కాలేజీ ఫీజు ఏ నెలలో కట్టాలి, హాస్టల్ మెస్ బిల్లు ఎంత, ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే విద్యార్థి ఏం చేస్తాడు అన్న విషయాల్లో మన పెద్దల కంటే వారికే అనుభవం ఎక్కువ. సహాయం తీసుకున్న చేతి తరఫున మాట్లాడేవారు ఆ గదిలో ఇంతవరకు లేరు. ఈ లోటు తీరడమే అన్నిటికంటే పెద్ద లాభం అని మేము భావిస్తున్నాం. దరఖాస్తు పట్టుకుని గడప బయట నిలబడ్డ కుర్రవాడు, అయిదేళ్ల తర్వాత లోపల కూర్చుని ఇంకొకరి దరఖాస్తు చదువుతుంటే, అతని చూపు వేరుగా ఉంటుంది. సహాయం అడిగేవారిని నిలబెట్టి ఫోటో తీయవద్దని మొదట చెప్పేది అతనే కావచ్చు.

దాతలు చేయగలిగింది

దీనికోసం మీరు కొత్తగా డబ్బు ఇవ్వనక్కరలేదు. మీరు విరాళమిచ్చే సంస్థ సర్వసభ్య సమావేశానికి వెళ్లినప్పుడు, లేదా కార్యదర్శి గారు మీ ఇంటికి రసీదు పుస్తకంతో వచ్చినప్పుడు, మూడు మాటలు అడగండి. కార్యవర్గంలో ముప్పై ఏళ్లలోపు వారు ఎంతమంది ఉన్నారు? పీజీ విద్యార్థులను ఆహ్వానించే ఆలోచన ఉందా? ఖజాంచి గారు లేకపోతే లెక్కలు చూడగలిగినవారు ఇంకెవరున్నారు? దాత అడిగిన ప్రశ్నకు కార్యవర్గంలో బరువు ఉంటుంది.

మీలో చార్టర్డ్ అకౌంటెంట్లు, న్యాయవాదులు, బ్యాంకు అధికారులు, అధ్యాపకులు ఉన్నారు. నెలకు ఒక గంట ఈ విద్యార్థులకు ఇవ్వగలిగితే అది కూడా సదఖాయే. హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం వంటి చోట్ల, ఇంకా మీ జిల్లా కేంద్రంలోని పీజీ కళాశాలల్లో చదువుతున్న పిల్లలకు ఈ సమాచారం అందించండి. సోషల్ వర్క్ చదివేవారికి క్షేత్ర శిక్షణ చదువులో భాగంగానే ఉంటుంది కాబట్టి, వారి శాఖాధ్యక్షులతో మాట్లాడితే రెండు పనులూ కలిసి వస్తాయి. మీ ఇంట్లోనే అటువంటి పిల్లలు ఉంటే, మీరు కార్యవర్గ సభ్యులుగా ఉన్న సంస్థకు కాకుండా వేరే సంస్థకు వారిని పంపండి.

మీ సొమ్ము మా దగ్గర అమానత్. ఆ అమానత్‌ను మోసే చేతులు ఏదో ఒకరోజు అలసిపోతాయి. అప్పుడు అందుకునేవారు పక్కనే ఉండాలి, అందులో ఏముందో వారికి ముందే తెలిసి ఉండాలి. ఈ ఏడాది మీ ఊరి సంస్థలో ఇద్దరు విద్యార్థులకు రెండు కుర్చీలు వేయించడానికి మీరు పూనుకుంటారని ఆశిస్తున్నాం.

అల్లాహ్ మీ విరాళాలను స్వీకరించి, మీ సంపాదనలో, సంతానంలో బర్కత్ ప్రసాదించుగాక. ఈ సేవను మన తర్వాత కూడా నిలబెట్టే తరాన్ని మనకు అనుగ్రహించుగాక. ఆమీన్.